పాటల హాలు కదులుతోంది

వినీలకి మొదట భయమేసింది భూమి గురించే.

ఆ మధ్యాహ్నం ల్యాబులో తనొక్కతే ఉంది. వాన పట్టి వారం దాటినా తెరిపి ఇవ్వడం లేదు. వారానికోసారి చేసే లెక్కే కంప్యూటర్‌కి అప్పగించి టీ తెచ్చుకుంది. తెర మీదకి వచ్చిన గీత చూసి కప్పు అలాగే కింద పెట్టేసింది. ఎప్పుడూ తిన్నగా సాగే గీత ఒక్కసారిగా కిందికి వంగిపోయి ఉంది.

వినీల బెంగాల్లోని ఆ రైల్వే ఊరి కాలేజీలో భూమి కదలికలు కొలిచే ప్రాజెక్టులో రెండేళ్లుగా పనిచేస్తోంది. ఆమె చూసుకునే యంత్రాలు రెండు. ఒకటి కాలేజీ ఆవరణలో, లోతుగా పాతిన కాంక్రీటు స్తంభం మీద ఉంది. రెండోది రైల్వేవాళ్ల కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో తెలుగు చర్చి వెనకున్న హాలు డాబా మీద ఉంది. గిన్నె బోర్లించినట్టుండే ఆ తెల్లటి యాంటెన్నాలు ఎడతెరిపి లేకుండా ఉపగ్రహాల సంకేతాలు అందుకుంటూ ఉంటాయి. ఒక రోజు సంకేతాలన్నీ కలిపి లెక్క కడితే యాంటెన్నా ఎక్కడుందో కొద్ది మిల్లీమీటర్ల తేడాతో తేలిపోతుంది. ఊరు మొత్తం తన కింది నేలతో సహా ఈశాన్యంగా ఏడాదికి ఐదు సెంటీమీటర్ల చొప్పున జరుగుతోందని ఆ లెక్కల్లోనే తెలుస్తుంది. బోర్లు వేసి అంతా నీళ్లు తోడేస్తున్నారు కదా, ఊరి నేల ఏమైనా కుంగుతోందా అని చూడడానికి రెండో యంత్రం పెట్టారు.

అది పెట్టిన రోజు హాల్లో పాటలు పాడే ఆడవాళ్లు వినీల చుట్టూ మూగి, "నేల నడుస్తంటే మనకి తెలీదేటే?" అని అడిగారు. వినీల చెప్పబోయేలోపు, వాళ్లకి పాటలు నేర్పే ఆమె తండ్రి విల్‌ఫ్రెడ్ అందుకున్నాడు. "ఒకే బండిలో రెండు బోగీలున్నాయనుకోండి. రెండూ కలిసే ఎల్తాయి. ఒకదాంట్లో కూకుని రెండోదాన్ని సూస్తే ఆగినట్టే ఉంటాది." రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాడు కాబట్టి ఆయనకి ఏదైనా రైలుబండి పోలికతోనే తోస్తుంది.

ఇప్పుడు రెండో బోగీ విడిగా వెళ్తోంది. కిందికీ, దక్షిణానికీ. వారం మొత్తం చూస్తే వేలు మందం కూడా లేదు. కానీ నిన్నటికంటే ఇవాళ ఎక్కువ జరిగింది, మొన్నటికంటే నిన్న ఎక్కువ.

చిన్నప్పుడు ఒకసారి భూమి కంపించి వంటింట్లో గిన్నెలు గలగలలాడితే అమ్మ తనని రెక్క పట్టుకుని వీధిలోకి ఈడ్చుకుపోవడం వినీలకి గుర్తొచ్చింది. వెంటనే కాలేజీ స్తంభం లెక్క తెరిచింది. అది నిన్నటి దారిలోనే తిన్నగా ఉంది. నేల పగలడం లేదు. అమ్మయ్య అని వెనక్కి వాలింది.

అంతలోనే మళ్లీ నిటారుగా కూర్చుంది. నేల కదలకపోతే మరి కదులుతున్నది ఏమిటి? హాలు. ఈ వేళప్పుడు ఆ హాల్లో తండ్రి ఉంటాడు. ఆయనతో పాటు ఇరవై మంది శనివారం జరగబోయే జెన్నిఫర్ పెళ్లికి పాటలు నేర్చుకుంటూ ఉంటారు.

ప్రాజెక్టు పెద్ద సత్యవాణి మేడమ్ కలకత్తాలో మీటింగులో ఉంది. వినీల ఫోన్ చేసి గబగబా చెప్పేసింది. ఆవిడ కర్నూలు మనిషి, దేనికీ కంగారు పడదు.

"యాంటెన్నా నట్లు వదులై ఉండొచ్చు. నువ్వెళ్లి చూడు. నట్లు గట్టిగానే ఉంటే కింద పలక మీదున్న మట్టం బుడగ చూడు. ఏం కనబడినా నాకు చెప్పు." ఫోన్ పెట్టేయబోతూ ఆవిడే మళ్లీ అంది, "డాబా మీద ఎక్కువసేపు ఉండకు."

ఆ ఆఖరి మాట వింటూనే వినీల సైకిలు తాళం తీసుకుంది.

సైకిలు తొక్కుకుంటూ హాలు దగ్గరికి వచ్చేసరికి వాన కాస్త తగ్గింది. హాల్లో పాట సాగుతోంది. గుమ్మంలోంచి కేకేసి అందరినీ బయటికి రమ్మందామనుకుంది. ఏమని చెప్పాలో తెలియక నిచ్చెన ఎక్కింది. నట్లు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. పలక మీద గాజులోని బుడగ మాత్రం నడిమి గుండ్రం వదిలేసి ఉత్తరపు అంచుకి అతుక్కుపోయి ఉంది. అంటే పలక దక్షిణానికి వాలింది. దక్షిణాన హాలు వెనక గోడ ఉంది. వినీల ఒంగి పిట్టగోడ చూసింది. పాత బీటే, ఎప్పుడూ ఉండేదే. కానీ ఇప్పుడు అందులో ఆమె చిటికెన వేలు పట్టింది. వేలు తీసేటప్పుడు లోపల్నించి చల్లటి గాలి తగిలింది.

అరికాళ్ల కింద హార్మోనియం వినబడుతోంది. తన బరువు కూడా ఆ గోడకి ఎక్కువైపోతుందేమో అన్నట్టు ఒక్కో అడుగూ తేలిగ్గా వేస్తూ దిగి, చూసిందంతా మేడమ్‌కి ఫోన్లో చెప్పింది.

* * *

ఆ సాయంత్రం వాళ్ల ఇంటి వరండాలో వినీల చెప్పినదంతా విని ముందుగా నవ్వింది బాబాయి సిరిల్. ఆయన విల్‌ఫ్రెడ్ తమ్ముడు, పెళ్లికూతురు జెన్నిఫర్‌కి తండ్రి, హాలు కమిటీకి సెక్రటరీ.

"శనారం పెళ్లి పెట్టుకుని గురువారం సెప్తావేటే హాలు జరగతన్నాదని? ఎంత జరిగినాది? సూపించు."

వినీల బొటనవేలి గోరు చూపించింది.

"ఇంతా? ఇంత దానికి కార్డులేసి, వంటోళ్లకి సెప్పి, అందర్నీ పిలుసుకున్న పెళ్లి ఆపమంటావు?"

"పెళ్లి ఆపమన్లేదు బాబాయ్. చర్చి బాగానే ఉన్నాది. భోజనాలు మాత్రం హాల్లో వొద్దంటన్నాను. రోజురోజుకీ ఎక్కువ జరగతన్నాది. అదే నా భయం."

విల్‌ఫ్రెడ్ తల అడ్డంగా ఊపాడు. ఆ హాలుకి ఇటుకలు మోసినవాళ్లలో ఆయనొకడు. వర్క్‌షాపు కుర్రాళ్లందరూ ఆదివారం సెలవుల్లో కట్టుకున్న హాలు అది. కట్టినవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. ఎవరు పోయినా వాళ్లకి ఇష్టమైన పాట అందులో పాడేవారు. అందుకే దాన్ని సెటిల్‌మెంట్ మొత్తం పాటల హాలు అంటుంది.

"ఆకాశంలో ఉన్నదేదో సెప్తే నా సేత్తో కట్టిన గోడ పడిపోద్దేటి?" అన్నాడు. కోపంగా అనలేదు. ఎవరో దగ్గరివాళ్లకి జబ్బని చెబితే నమ్మలేనట్టుగా అన్నాడు.

బియ్యం ఏరుతున్న తల్లి ఎలీసమ్మ చేట పక్కన పెట్టింది. "హాలు ఎనక తలుపు పట్టేస్తన్నాది. వాన మొదలైన కాడ్నించీ ఇద్దరం కలిసి తోస్తే గాని తెరుసుకోడం నేదు."

"వానకి తలుపు ఉబ్బుతాది వొదినా," అన్నాడు సిరిల్.

"ఇనప తలుపు ఉబ్బుతాదేటి సిరిలూ?"

సిరిల్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆయన ఏం తలుచుకున్నాడో వినీలకి తెలుసు. హాలు వెనక ఒకప్పుడు కాలువ పారేది. వంటలకి జాగా చాలడం లేదని రెండేళ్ల కిందట సిరిలే దాని మీద పలకలు వేయించి మట్టి పోయించాడు. అప్పట్నించీ వాన నీళ్లు ఎటు పోతున్నాయో ఎవరూ అడగలేదు.

"ఠీక్ హై," అంటూ సిరిల్ లేచాడు. "నా కూతురి పెళ్లి అయ్యాక మేస్త్రీని పిలిపిస్తాను. అంతవరకూ ఈ మాట వీధిలో అనకండి. సుట్టాలు బెదిరిపోతారు."

శుక్రవారం సత్యవాణి మేడమ్ తిరిగొచ్చింది. ఇద్దరూ కలిసి మళ్లీ లెక్క చూశారు. గురువారం కంటే ఎక్కువే జరిగింది. హాలు వాడొద్దని మేడమ్ కమిటీకి కాగితం రాసి ఇచ్చింది. అది సెక్రటరీ సిరిల్ జేబులోనే ఉండిపోయింది. భవనాలు చూసే ఇంజనీర్ అమర్‌నాథ్‌కి ఫోన్ చేసింది. ఆయన ఊళ్లో లేడు, సోమవారం వస్తానన్నాడు.

"మేడమ్, పడిపోతుందా?" అడిగింది వినీల.

"అది నేను చెప్పలేను. ఆగిపోనూవచ్చు. పెరుగుతున్న కదలిక ఉన్న చోట మాత్రం నేను నా పిల్లల్ని కూర్చోబెట్టను."

వినీలకి కావలసింది అది కాదు. పడుతుందనో, పడదనో ఎవరైనా గట్టిగా చెబితే బాగుండును. పడుతుందని తను అరిచి పెళ్లి పాడు చేశాక పడకపోతే? ఊరుకున్నాక పడితే?

* * *

శనివారం ఉదయం హాల్లో బల్లలు వేసేశారు. తెల్లగుడ్డలు పరిచేశారు. కొయిరులో పాడే ఆడవాళ్లు పూలదండలు కడుతున్నారు. విల్‌ఫ్రెడ్ స్టేజీ మీద హార్మోనియం ముందు కూర్చుని ఉన్నాడు.

వినీల గుమ్మంలో ఆగిపోయింది. లోపలికి వెళ్లాలంటే ఒళ్లంతా ఎదురు తిరుగుతోంది. ఆమె చూపు వెనక గోడ మీదే ఉంది. గోడకీ కప్పుకీ మధ్య మూల నుంచి సన్నటి నల్లగీత దిగుతోంది. దాని కింద బల్ల మీద గుడ్డంతా సున్నం రాలి ఉంది. ఎవరో దులిపారు, మళ్లీ రాలింది.

కళ్లు దించుకుని నడిచి వెళ్లి తండ్రి పక్కన స్టేజీ మీద కూర్చుంది.

"భయమేస్తే బయటికెల్లు," అన్నాడాయన.

"నువ్వొస్తే ఎల్తాను."

"నాను లేస్తే అందరూ లేస్తారు. సిరిలు పరువు పోతాది."

"అయితే ఇక్కడే కూకుంటాను నాన్నా."

చేతులు ఒడిలో పెట్టుకుంది. అవి ఆగడం లేదు. ఒకదాన్ని రెండోదాంతో పట్టుకుంటే రెండూ కలిసి వణికాయి. పళ్లు టకటకలాడకుండా దవడ బిగించింది. విల్‌ఫ్రెడ్ హార్మోనియం మీద వేళ్లు పెట్టాడు గానీ వాయించలేదు. కూతురి చేతులకేసే చూస్తూ ఉండిపోయాడు. చిన్నప్పుడు జ్వరమొచ్చినా ఏడవని పిల్ల ఇలా వణకడం ఆయనెప్పుడూ చూడలేదు.

వెనక బల్ల మీద మళ్లీ సున్నం రాలింది. ఇసుక పోసినట్టు చప్పుడైంది.

విల్‌ఫ్రెడ్ లేచాడు. హార్మోనియం మూసి చంకన పెట్టుకున్నాడు. చర్చి చివరి బెంచీ దాకా వినబడే గొంతుతో, "అందరూ బయటికి నడవండి. బేగి. దండలొగ్గేయండి. తర్వాత సెప్తాను," అన్నాడు. ఆయన చెయ్యి ఎత్తితే పాట ఆపడం అలవాటైన మనుషులు కాబట్టి ఎందుకని అడగకుండా బయటికి వచ్చేశారు. ఆయన గుమ్మానికి అడ్డంగా తాడు కట్టాడు.

సంగతి తెలిసి సిరిల్ పరిగెత్తుకొచ్చాడు. "అన్నయ్యా, నా పిల్ల పెళ్లి నవ్వులపాలు సేస్తావా?" అంటూ తాడు మీద చెయ్యి వేశాడు. ఆయన కళ్లల్లో నీళ్లు చూసి వినీల తల దించుకుంది. ఎలీసమ్మ పెళ్లికూతురికి ఫోన్ చేసి, రెండు ముక్కల్లో సంగతి చెప్పి, ఫోను వినీల చెవి దగ్గర పెట్టింది.

"అక్కా, నీకు నిజంగా భయమేస్తన్నాదా?" అంది జెన్నిఫర్. అవతల ఆమెకి ఎవరో జడ వేస్తున్నట్టున్నారు, మాట ఆగి ఆగి వస్తోంది.

"సచ్చేంత భయమేస్తన్నాదే. తప్పయితే నన్ను తిట్టు."

"చర్చి గ్రౌండులో షామియానా వెయ్యమని నాన్నతో సెప్పు. నాను సెప్పినానని సెప్పు."

పెళ్లి చర్చిలో బాగానే జరిగింది. భోజనాలు మాత్రం బాగా జరగలేదు. గ్రౌండంతా బురదగా ఉంది. వంట పొయ్యిలు కూడా హాలు వెనక నుంచి అక్కడికే మార్చాల్సి వచ్చింది. షామియానా చిరుగులోంచి వాన బిర్యానీలో పడింది. పట్టుచీరలు మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని తింటూ జనం ఎదురుగా ఉన్న హాలుకేసి చూశారు. హాలు మామూలుగానే నిలబడి ఉంది. వైజాగ్ నుంచి వచ్చిన మగపెళ్లివారిలో ఒకాయన, "ఆకాశం నుంచి ఫోనొచ్చిందంట, గోడ పడిపోద్దని," అంటే చుట్టూ నవ్వారు. వినీల విననట్టు నీళ్లు పోస్తూ తిరిగింది.

హాలుకేసి చూసినప్పుడల్లా ఆమెకి ఒక ఆలోచన వచ్చేది. పడిపోతే బాగుండును. తను అబద్ధం చెప్పలేదని తెలుస్తుంది. ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ ఒళ్లు జలదరించి, ప్రభువా, అది వినొద్దు, అని లోపల్లోపల వేడుకునేది.

మూడో బంతిలో ముసలివాళ్లు కొందరు కుర్చీలు చాలక నిలబడి తింటున్నారు. సిరిల్ అది చూశాడు. హాలు స్టేజీ పక్కన ఇంకా కుర్చీలున్నాయి. ఆయన తాడు పైకెత్తి కింది నుంచి దూరడం వినీల చూసింది.

"బాబాయ్! వొద్దు!"

ఆయన చెయ్యి ఊపుతూ లోపలికి వెళ్లిపోయాడు. వినీల చేతిలో జగ్గు పడేసి పరిగెత్తింది. తాడు దాకా వెళ్లింది. అక్కడ ఆగిపోయింది. లోపల చీకటిగా ఉంది. కాలు ముందుకి వెయ్యమని తనకి తనే చెప్పుకుంది. కాలు వినలేదు. "బాబాయ్!" అని గొంతు చించుకుని అరిచింది. కుర్చీలకేసి నడుస్తున్న సిరిల్ విసుగ్గా వెనక్కి తిరిగాడు.

అప్పుడు హాలు వెనక నుంచి పెద్ద చప్పుడేమీ రాలేదు. బస్తా జారినట్టు మెత్తగా ఏదో కూలింది. ఆ తర్వాత వెనక గోడ నడుము విరిగినట్టు కిందికి దిగిపోయింది. దాని మీద ఆనుకున్న కప్పు వంగి, ఒక్క క్షణం ఆగి, స్టేజీ మీద పడింది. అప్పుడొచ్చింది చప్పుడు. గుమ్మంలోంచి దుమ్ము తోసుకొచ్చి వినీల కళ్లూ నోరూ నిండిపోయాయి.

ఆ దుమ్ములోకి ఎవరో ఆమెని తోసుకుంటూ దూరారు. చొక్కా రంగు చూసి తండ్రి అని పోల్చుకుంది. "నాన్నా," అంది. లోపల ఇటుకలు ఇంకా ఒకటొకటిగా పడుతున్నాయి. ఒక్కొక్కటి పడినప్పుడల్లా ఆమె భుజాలు ఎగిరిపడ్డాయి. గుమ్మం చెక్క రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఎవరో వెనక్కి లాగినా వదల్లేదు. లోపలికి వెళ్లనూ లేదు.

ఎంతసేపయిందో ఆమెకి తెలియదు. విల్‌ఫ్రెడ్ వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికి వచ్చాడు. సిరిల్‌ని చంకల కింద పట్టుకుని ఈడ్చుకొస్తున్నాడు. ఇద్దరూ పిండిలో దొర్లినట్టున్నారు. సిరిల్ కుడిపాదం పక్కకి తిరిగిపోయి ఉంది. ఆయన అరుస్తున్నాడు. ఆ అరుపు విన్నాకే వినీలకి ఏడుపొచ్చింది.

* * *

సిరిల్ పాదంలో రెండు ఎముకలు విరిగాయి. ఇంకెవరికీ ఏమీ కాలేదు. జెన్నిఫర్ తెల్ల పెళ్లిచీరతోనే ఆసుపత్రికి వచ్చి తండ్రి మంచం పక్కన కూర్చుంది. అత్తవారు కూడా వచ్చి బయట బెంచీల మీద కూర్చున్నారు. భోజనాల దగ్గర నవ్వించిన ఆయన అందరికీ టీ తెచ్చి ఇచ్చాడు.

మర్నాడు కట్టు వేశాక వినీల సిరిల్‌ని చూడ్డానికి వెళ్లింది. మంచం కాళ్ల దగ్గర నిలబడింది.

"నీ కేక ఇని తిరిగినాను," అన్నాడాయన. "నిన్ను తిట్టడానికే తిరిగినాను. నేపోతే స్టేజీ కాడ ఉండేవోడ్ని."

"నాను లోపలికి రానేకపోయినాను బాబాయ్. కాళ్లు రానేదు."

"వొచ్చుంటే ఇద్దర్నీ ఈడవాల్సొచ్చేది మీ నాన్న." సిరిల్ కట్టు కట్టిన పాదం సర్దుకున్నాడు. "ఆ కాలవ నానే కప్పించినాను. అమర్‌నాథ్ వొస్తే సెప్పు. నానే సెప్పినానని సెప్పు."

సోమవారం అమర్‌నాథ్ వచ్చి తవ్విస్తే అదే తేలింది. దారి మూసుకుపోయిన నీళ్లు రెండు వానాకాలాలుగా వెనక గోడ పునాది కిందికి పోయి మట్టిని కోసుకుపోయాయి. పలకల కింద మనిషి పట్టేంత గొయ్యి ఉంది. వంటలు చేసేది సరిగ్గా దాని మీదే. ఎలీసమ్మ ఆ గోతిలోకి ఒకసారి తొంగిచూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చేసింది.

అప్పట్నించి జనం వినీల ఇంటికి రావడం మొదలెట్టారు. ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచీ, న్యూ సెటిల్‌మెంట్ నుంచీ, ఊరి అవతలి నిమ్‌పురా నుంచీ కూడా వచ్చారు. మా వరండా చూడమ్మా, మా గోడ మీద నీ గిన్నె పెట్టమ్మా. ఎవరో బెంగాలీ ముసలాయన తన ఇంటి బీట ఫోన్లో ఫొటో తీసుకొచ్చి, "దీదీ, బోలో, పోడ్‌బే?" అంటూ, పడిపోతుందా అని అడిగాడు. ఫొటో చూసి చెప్పలేనని, ఇంజనీర్‌కి చూపించాలని వినీల అందరికీ ఒకటే మాట చెప్పేది. వాళ్ల మొహాల్లో తన భయమే కనబడేది. తనకి అది తగ్గలేదు. ఏ గదిలోకి అడుగు పెట్టినా ముందు మూలలు చూసేది. ల్యాబులో కుర్చీని గుమ్మం దగ్గరికి జరుపుకుంది. సత్యవాణి మేడమ్ అది చూసి తన కుర్చీ కూడా అటే వేసుకుంది.

హాలులో మిగిలిన ముందు భాగాన్ని కూడా నెల తిరిగేలోపు పడగొట్టారు. విల్‌ఫ్రెడ్ దగ్గరుండి పడగొట్టించాడు. ఆ రోజు అన్నం తినలేదు.

పాటలకి చర్చివాళ్లు సండేస్కూలు గది ఇచ్చారు. మొదటి రోజు అందరూ వచ్చారు గానీ గుమ్మం దాటలేదు. విల్‌ఫ్రెడ్ హార్మోనియం పట్టుకుని వినీలకేసి చూశాడు.

"నాకు తెలీదు నాన్నా," అంది వినీల. "నిజంగా తెలీదు."

విల్‌ఫ్రెడ్ తలూపి అమర్‌నాథ్‌కి ఫోన్ చేశాడు. ఆయన నిచ్చెనా టార్చీ తెచ్చుకుని లోపలికి వెళ్లి గోడ గోడా తట్టి చూస్తున్నాడు. కొయిరంతా బయట చెట్టు కింద నిలబడి ఉంది. వాన జల్లు తగులుతోంది. కాసేపటికి విల్‌ఫ్రెడ్ హార్మోనియాన్ని సైకిలు క్యారియర్ మీద పెట్టి, ఒకర్ని పట్టుకోమని, పాట ఎత్తుకున్నాడు. వినీల కూడా వాళ్ల మధ్య నిలబడి పాడింది. గొంతు వణుకుతూనే ఉంది. పక్కనున్న ఎలీసమ్మ గొంతూ అలాగే ఉంది.